భారతదేశంలో నేరాలు, పోలీసు విధులు (2020)

కోవిడ్-19 మహమ్మారి ఏడాది 2020లో దేశవ్యాప్తంగా 66,01,285 నేరాలు నమోదైనట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2021 సెప్టెంబరులో వెలువరించిన వార్షిక నివేదిక తెలిపింది. 2019 కంటే ఇది 28 శాతం ఎక్కువ.

ఈ పెరుగుదలకు ప్రధాన కారణం లాక్‌డౌన్ ఉల్లంఘన కేసులు. ప్రభుత్వోద్యోగి ఉత్తర్వులను ధిక్కరించినందుకు భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద పెట్టిన కేసులు 29,469 నుంచి 6,12,179కి చేరాయి. మార్చి 25 నుంచి మే 31 వరకు జనం ఇళ్లకే పరిమితం కావడంతో దొంగతనాల వంటి సాధారణ నేరాలు తగ్గాయి. హత్యలు మాత్రం 29,193తో దాదాపు 1 శాతం పెరిగాయి. మహిళలపై నేరాల కేసులు 8.3 శాతం తగ్గాయి. అయితే ఆంక్షల వల్ల బాధితులు ఫిర్యాదు చేయడమే కష్టమైనందున ఈ తగ్గుదలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. సైబర్ నేరాలు 11.8 శాతం పెరిగి 50,035కు చేరాయి. తెలంగాణలో ఇవి 2,691 నుంచి 5,024కు పెరిగాయి.

పోలీసులు నేర పరిశోధనతో పాటు చెక్‌పోస్టుల కాపలా, కంటైన్‌మెంట్ ప్రాంతాల పర్యవేక్షణ, వలస కూలీలకు సాయం వంటి బాధ్యతలు మోశారు. విధి నిర్వహణలో వైరస్ సోకి పలువురు సిబ్బంది మరణించారు.