మన పేరు మోస్తున్న రాయి

అరకు ఘాట్ రోడ్డులో కొండను తొలిచిన చోట తుప్పు పట్టినట్టు ఎర్రగా కనిపించే రాయిని మీరందరూ చూసే ఉంటారు. దాని పేరు ఖోండలైట్. ఏ దేశంలో భూగర్భ శాస్త్రం చదివేవారైనా ఆ రాయిని ఆ పేరుతోనే నేర్చుకుంటారు. ఆ పేరు మన కోదులది. ఆంగ్లేయులు కోదులను 'ఖోండ్' అని రాసేవారు. ఆ మాటనే రాయికి పెట్టారు.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే అని మన హాస్టల్ పిల్లలు చాలామంది అనుకుంటారు. మన కొండల చరిత్ర మాత్రం ఎక్కువగా సర్వే నివేదికల్లో, పటాల్లో ఉంది. కోదులు, జాతాపులు, కొండదొరలు, బగతలు, వాల్మీకులు, మనమందరం బతుకుతున్న నేల గురించి ఎవరు ఏం రాశారో, ఎందుకు రాశారో మన యువత తెలుసుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

సర్వేలు ఎందుకు మొదలయ్యాయి?

భారత భూగర్భ సర్వే సంస్థ 1851లో థామస్ ఓల్డ్‌హామ్ ఆధ్వర్యంలో మొదలైంది. అప్పటి పాలకులకు ముఖ్యంగా కావలసింది బొగ్గు. రైళ్లు, స్టీమర్లు నడవాలంటే బొగ్గు కావాలి. ఆ వెదుకులాటలోనే విలియం కింగ్ అనే అధికారి 1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. గోదావరి లోయ మీద ఆయన రాసిన నివేదిక 1881లో అచ్చయింది. 1889లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో ఆ సంస్థే సింగరేణి కాలరీస్ అయింది. ఒక సర్వే అధికారి పటంలో పెట్టిన గుర్తు కోయల ప్రాంతాన్ని యాభై ఏళ్లలో బొగ్గు పట్టణాల ప్రాంతంగా మార్చేసింది.

ఇక్కడ ఒక మాట. బొర్రా గుహలను 1807లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని తరచుగా వింటుంటాం. ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ నివేదిక వచ్చింది 1881లో. లెక్క ఎలా కుదురుతుంది? అయినా, గుహల చుట్టూ తరతరాలుగా పశువులు కాసుకుని బతికినవారు ఉండగా, వాటిని ఇంకెవరో 'కనుగొన్నారు' అనడమేమిటి? ఎవరైనా ఒక తేదీ చెబితే దాన్ని ఇలా పక్కన ఇంకో తేదీ పెట్టి చూడటం నేర్చుకోండి.

ఇద్దరి పేర్లు, రెండు రాళ్లు

టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి సంస్థానంలో సర్వే చేశాడు. ఆయన కెనడా దేశస్థుడు. తరవాత టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆయన నివేదిక 1902లో వెలువడింది. అందులోనే ఆ కొండల్లో ఉండే కోదుల గౌరవార్థం ఈ రాయికి ఖోండలైట్ అని పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, కొన్నిచోట్ల గ్రాఫైట్ కలిసిన రాయి ఇది. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ రాతితోనే.

మన కొండల్లోనే దొరికే ఇంకో రాయి చార్నకైట్. దానికి టి.హెచ్. హాలండ్ 1893లో పేరు పెట్టాడు. కలకత్తాలో ఉన్న జాబ్ చార్నక్ సమాధి రాయి అదే రకం కాబట్టి ఆ పేరు. చార్నక్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అంటే తూర్పు కనుమల్లో ముఖ్యమైన రెండు రాళ్లలో ఒకదానికి కంపెనీ మనిషి పేరు, రెండోదానికి మన పేరు. ఇది గర్వపడాల్సిన విషయమే. కానీ పేరు ఇచ్చినంత మాత్రాన హక్కు ఇచ్చినట్టు కాదు.

మైదానం వైపు చూడండి. విజయనగరం ప్రాంతంలో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. ఎల్.ఎల్. ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద వెయ్యి పేజీలు దాటిన గ్రంథం ప్రకటించాడు. గరివిడి దగ్గరి కోడూరు పేరుతో 'కోడురైట్' అనే రాయి కూడా శాస్త్రంలోకి వెళ్లింది. ఊరి పేరు పుస్తకానికి, ఖనిజం ఓడరేవుకు వెళ్లాయి.

రాయిలో దాగిన నీరు

ఖోండలైట్ వేల వేల ఏళ్లు వానకు నానితే అందులోని సిలికా కరిగిపోతుంది. అల్యూమినియం, ఇనుము మిగులుతాయి. అలా కొండల నెత్తిమీద ఏర్పడినదే బాక్సైట్. సి.ఎస్. ఫాక్స్ 1923లోనే భారతదేశపు బాక్సైట్ మీద నివేదిక రాశాడు. తూర్పు కనుమల్లోని పెద్ద నిక్షేపాలు మాత్రం 1970లలో లెక్కకు వచ్చాయి.

ఆ బాక్సైట్ పొర సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని, కొండవాలులో ఊటలుగా మెల్లగా వదులుతుంది. వేసవిలో కూడా మన గెడ్డలు పారుతున్నాయంటే దానికి కొండ నెత్తిన ఉన్న ఆ పొర, ఆ అడవి కారణం. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయం దాకా వెళ్తుంది. అక్కడి నుంచి విశాఖ నగరానికి తాగునీరు అందుతోంది. టన్నుల లెక్క వేసినవారికి కొండ ఖనిజంగా కనిపించింది. మన పెద్దలకు అది ఊటల తల్లి.

చట్టం ఎక్కడుంది?

సర్వే అధికారి పని రాయిని గుర్తించడం. నేల ఎవరిదనేది ఆయన పని కాదు. ఆ ప్రశ్నకు జవాబు చట్టంలో వెదకాలి. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఏజెన్సీ ప్రాంతాలకు 1917లో ఒక చట్టం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1959 రెగ్యులేషన్, దానికి సవరణగా 1970 రెగ్యులేషన్ (మనం 1/70 అంటాం) వచ్చాయి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదన్నది ఆ తీర్పు సారాంశం. వాకర్ నివేదికకు, ఈ తీర్పుకు మధ్య 95 ఏళ్లు. రాయికి మన పేరు వచ్చిన ఎన్నాళ్లకు రాతి మీద మన మాట చెల్లిందో చూడండి.

మీరు చేయవలసినది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సర్వే చెడ్డది కాదు. పటం గీయడం తెలిసినవాడి మాట చెల్లుతుంది. ఆ విద్య మన చేతిలో కూడా ఉండాలి. మీ ఊరి పెద్దలను, అమ్మమ్మలను అడిగి ప్రతి గెడ్డ పేరు, ఊట పేరు, కొండ పేరు రాయండి. ఏ ఊట ఏ నెల దాకా పారుతుందో రాయండి. అది మీ ఊరి నీటి సర్వే. రేపు గ్రామసభలో ఎవరైనా గని కాగితం తెస్తే, మీ కాగితం కూడా బల్ల మీద ఉండాలి. ఇంటర్ తరవాత ఏం చదవాలో తోచనివారు భూగర్భ శాస్త్రం వైపు చూడండి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనే ఆ చదువు ఉంది. ఖోండలైట్ గురించి రాబోయే నివేదిక మీద ఒక కోదు బిడ్డ సంతకం ఉంటే చూడాలని మా అందరి కోరిక.