రాతిపనివాడు తెచ్చిన మందిరానికి రాయి లేదు

మా ఊరు నరసాపురానికి కూతవేటు దూరం. ఇటువైపు మిషన్ మాట వస్తే మా పెద్దవాళ్లు రెండు పేర్లు జంటగా తలుచుకునేవారు: బౌడెన్ దొర, బీర్ దొర. ఇద్దరూ ఇంగ్లండులోని బార్న్‌స్టపుల్ వాళ్లు. మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. బీర్ చెప్పులు కుట్టేవాడు, బౌడెన్ రాతిపనివాడు. తర్వాత బౌడెన్ పాలకొల్లు చేరాడు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది.

అంత రాతిపనివాడు మొదలుపెట్టిన మిషన్‌కి మా పల్లెల్లో మొదట దక్కినవి మట్టిగోడలు, తాటాకు కప్పులే. మా ఊళ్లో ఇప్పుడున్న చర్చి మూడోది. మొదటిదాన్ని మా మామ్మ చూసింది. పేడతో అలికిన నేల, ఈతచాపలు. గంట కొనే స్తోమత లేక చెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి, ఆదివారం పొద్దున్నే సుత్తితో కొట్టేవారట. ఆ మోత కాలవ అవతలికి కూడా వినపడేదని చెప్పేది. తాటాకుది పోయాక పెంకులది కట్టారు, తుపానుకు అదీ కూలింది. ఇప్పుడున్న స్లాబు చర్చి గుమ్మం పక్కన పాలరాతి ఫలకం ఉంది. చందా ఇచ్చినవారి పేర్లు, ప్రారంభించిన తేదీ బంగారు రంగులో మెరుస్తుంటాయి. ముందున్న రెండింటి ఊసే లేదు. నాకు అది బాధ.

లండన్‌లో 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయి, మళ్లీ కట్టని చర్చిల చోట్ల గోడలకు నీలం పలకలు బిగించారు. ఫలానా చర్చి ఇక్కడ ఉండేదని రెండు ముక్కలు, అంతే. మనకు అలాంటి గుర్తురాయి ఇంకా అవసరం. గోదావరి గట్లు కోసేస్తుంది, తుపాను కప్పులు లేపేస్తుంది. 1839 తుపానుకు కోరంగి రేవే నాశనమైంది. నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఊరి పేరు మడపొల్లం గుడ్డగా యూరప్ దాకా పాకింది. గుడ్డకు నిలిచిన పేరు మన మందిరాలకు ఎందుకు నిలవకూడదు?

మొన్న మా ఊరి పెద్దాయన ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లాను. తాటాకు మందిరం ఉన్న చోటు ఇప్పుడు రొయ్యల చెరువు గట్టు. ఆయన చేతికర్రతో నేలమీద గీత గీసి, "గుమ్మం ఇది. గంట అదిగో, ఆ తుమ్మచెట్టు దగ్గర వేలాడేదబ్బాయ్" అన్నారు. రాయి వచ్చేదాకా గుర్తుండాలని, ఆ గీత మీద తాటి గుంజ ఒకటి పాతి వచ్చాం.