దక్షిణం వాకిలి, ఉత్తరం ఎండ

ఈసారి ఇంటి దిక్కుల గురించి చదువుదాం. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం మీకు తెలుసు. మూలల పేర్లు కూడా గుర్తుంచుకోండి. ఉత్తరానికీ తూర్పుకీ మధ్య ఈశాన్యం. తూర్పుకీ దక్షిణానికీ మధ్య ఆగ్నేయం. దక్షిణానికీ పడమరకీ మధ్య నైరుతి. పడమరకీ ఉత్తరానికీ మధ్య వాయవ్యం.

ఇక్కడ డర్బన్‌లో మా గుడికి వచ్చే కుర్ర జంటలు ఇల్లు కొనే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "ఆంటీ, దక్షిణం వాకిలి ఉన్న ఇల్లు కొనవచ్చా?" దక్షిణం యముడి దిక్కు, వద్దు అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. దక్షిణమే అన్నిటికన్నా మంచిది అని ఫెంగ్ షుయ్ పుస్తకం అంటుంది. రెండూ పాత విద్యలే. మరి ఏది వినాలి? దీనికి జవాబు ఫెంగ్ షుయ్ చరిత్రలో దొరుకుతుంది.

చైనా భాషలో ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. ఈ విద్యలో పాత గ్రంథాలు సమాధుల గురించి మాట్లాడతాయి. చనిపోయిన పెద్దలను ఎక్కడ పాతిపెట్టాలి అన్నదే అక్కడ ప్రశ్న. అలాంటి ఒక గ్రంథాన్ని గువో పు అనే పండితుడి పేరుతో చెబుతారు. ఆయన 276లో పుట్టి 324లో చనిపోయాడు. ఆ గ్రంథం ఆయన తరువాతి కాలంలో తయారైందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అందులో ముఖ్యమైన మాట "చి". మనం ప్రాణశక్తి అనే మాటకు అది దగ్గర. గాలి కొడితే చి చెదిరిపోతుంది, నీరు దాన్ని ఆపుతుంది అని వాళ్ళ నమ్మకం. అందుకే గాలి తగలని చోటు, నీరు ఉన్న చోటు వెతికేవారు. చనిపోయినవాళ్ళ చోటును యిన్ ఇల్లు అనీ, బతికున్నవాళ్ళ ఇంటిని యాంగ్ ఇల్లు అనీ అన్నారు.

ఇప్పుడు బీజింగ్ వెళ్దాం. అక్కడి పాత ఇళ్ళను సిహెయువాన్ అంటారు. మధ్యలో వాకిలి, నాలుగు వైపులా గదులు. మన మండువా ఇంటిని తలుచుకోండి. ఇంటి పెద్ద ఉండే గది ఉత్తరం వైపు ఉంటుంది, దాని ముఖం దక్షిణానికి ఉంటుంది. వీధి గుమ్మం మాత్రం మధ్యలో ఉండదు, మామూలుగా ఆగ్నేయ మూలన ఉంటుంది. గుమ్మం దాటగానే ఒక అడ్డుగోడ ఉంటుంది. వీధిలో పోయేవాళ్ళకు ఇల్లు కనిపించదు, గాలి కూడా నేరుగా లోపలికి దూసుకురాదు.

దక్షిణం ఎందుకు? బీజింగ్‌లో చలికాలంలో గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి వస్తుంది. చాలా చల్లని గాలి. ఆ వైపు గోడకు కిటికీలు పెట్టరు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. నేల నుంచి సుమారు 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి ఎండ చూరు కింద నుంచి గది లోపలికి వస్తుంది. జూన్‌లో సుమారు 73 డిగ్రీల ఎత్తుకు వెళతాడు. అప్పుడు అదే చూరు ఎండను ఆపేస్తుంది. చలికాలంలో వెచ్చదనం, ఎండాకాలంలో నీడ.

చైనావాళ్ళకు దక్షిణం ఎంత ముఖ్యమంటే, దిక్సూచిని వాళ్ళు దక్షిణం చూపే సూది అంటారు. షెన్ కువో అనే పండితుడు 1088 ప్రాంతంలో ఆ సూది గురించి రాశాడు. అది సరిగ్గా దక్షిణాన్ని చూపదు, కొంచెం తూర్పుకు జరుగుతుంది అని కూడా గమనించాడు. తరువాత ఫెంగ్ షుయ్‌లో రెండు పద్ధతులు నిలిచాయి. ఒకటి కొండలు, వాగులు చూసేది. ఇంకొకటి దిక్సూచి చూసి లెక్క కట్టేది.

1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో చైనా ప్రభుత్వం దీన్ని పాత మూఢనమ్మకం అని అణిచివేసింది. హాంకాంగ్, తైవాన్, సింగపూర్, మలేషియాలలో ఇది బతికింది. 1983లో సారా రోస్‌బాక్ ఇంగ్లీషులో దీని మీద పుస్తకం రాసింది. ఆమె గురువు లిన్ యున్ 1986లో అమెరికాలోని బర్క్‌లీలో గుడి పెట్టాడు. ఆయన పద్ధతిలో దిక్సూచి అక్కరలేదు. మీ గుమ్మం ఎటు ఉన్నా, గుమ్మాన్ని బట్టే ఇంటిని తొమ్మిది భాగాలు చేస్తారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఇది చాలా సులువు. కొండ, వాగు, గాలి మాత్రం వెనకబడ్డాయి. వాటి చోటులోకి అద్దాలు, గంటలు, లాఫింగ్ బుద్ధ, లక్కీ బాంబూ వచ్చాయి. లక్కీ బాంబూ అసలు వెదురు కాదు. అది మన ఆఫ్రికా మొక్క, కామెరూన్ వైపుది!

కొత్త ఇళ్ళలో కూడా పనికివచ్చే మాటలు ఇందులో ఉన్నాయి. మంచం మీద పడుకుంటే తలుపు కనిపించాలి, కానీ మంచం తలుపుకు ఎదురుగా ఉండకూడదు. ముందు తలుపు, వెనక తలుపు ఒకే వరసలో ఉండకూడదు. వీధి నేరుగా వచ్చి ఇంటికి తగలకూడదు. ఈ చివరి దాన్ని మనం వీధిపోటు అంటాం. రాత్రి కారు లైట్లు కిటికీలో పడే ఇంట్లో ఉన్నవాళ్ళకు దీని అర్థం వేరే చెప్పక్కరలేదు.

కానీ దక్షిణం సంగతి వేరు. డర్బన్ భూమధ్యరేఖకు కింద ఉంది. ఇక్కడ చలికాలం జూన్. జూన్ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు, సుమారు 37 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చల్లని వాన గాలి నైరుతి నుంచి వస్తుంది. బీజింగ్ పుస్తకం చూసి పెద్ద కిటికీలన్నీ దక్షిణానికి పెడితే ఆ గదికి చలికాలమంతా ఎండ రాదు, గోడలకు చెమ్మ పడుతుంది. అందుకే ఇక్కడి ఇళ్ళ ప్రకటనల్లో ఉత్తర ముఖం అని గొప్పగా రాస్తారు. ఫెంగ్ షుయ్ చెప్పేవాళ్ళలో కొందరు ఈ దేశాలకు దిక్కులు తిప్పుతారు, కొందరు తిప్పరు.

మన వాస్తు మాటేమిటి? నైరుతి బరువుగా, మూసి ఉండాలి, ఈశాన్యం తెరిచి ఉండాలి అంటుంది. డర్బన్ గాలికి, పొద్దుటి ఎండకు ఇది బాగానే సరిపోతుంది. దక్షిణం వాకిలి వద్దన్న మాటే ఇక్కడ నష్టం చేస్తుంది. వీధి గుమ్మం దక్షిణానికి ఉంటే, ఇంటి వెనక గదులు, తోట ఉత్తరం వైపు ఎండలో ఉంటాయి. మా గుడికి వచ్చే ఒక కుటుంబం అలాంటి ఇంటినే వదులుకుంది. తరువాత ఎక్కువ డబ్బు పెట్టి ఎండ రాని ఇల్లు కొన్నది.

మన పెద్దవాళ్ళకు ఈ ఎంపిక లేదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడలో, తరువాతి ఓడల్లో వచ్చినవాళ్ళు చెరకు తోటల బారకుల్లో ఉన్నారు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. 1960లలో కేటో మేనర్ లాంటి చోట్ల నుంచి మనవాళ్ళను చాట్స్‌వర్త్‌కు పంపారు. అక్కడ ఇళ్ళు వరసగా, ఒకేలా కట్టారు. ఎవరి వాకిలి ఎటు ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. ఆ దక్షిణం వాకిళ్ళలోనే పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు చదువుకున్నారు, ఉగాది పచ్చడి కలిపారు.

ఇప్పుడు ఎంచుకునే హక్కు మీకు ఉంది. ఇల్లు చూడటానికి జూన్‌లో మధ్యాహ్నం వెళ్ళండి. ఎండ ఏ గదిలో పడుతుందో చూడండి. వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్ళి నైరుతి గోడ మీద చెయ్యి పెట్టండి. ఆ తరువాత మీ ఇంట్లో పెద్దవాళ్ళను తెలుగులోనే అడగండి: "మన పాత ఇంటి వాకిలి ఎటువైపు ఉండేది?"