చనిపోయాక చెప్పే నెత్తురు

1847 మార్చిలో వియన్నాలో న్యాయవైద్యశాస్త్ర ప్రొఫెసర్ యాకోబ్ కొలెచ్కా శవపరీక్షలో ఉండగా, ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. కొద్ది రోజులకే ప్రాణం పోయింది. వెనిస్ నుంచి తిరిగొచ్చిన మిత్రుడు, ప్రసూతి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ కొలెచ్కా పోస్టుమార్టం వివరాలు తెలుసుకుని నిర్ఘాంతపోయాడు. ఊపిరితిత్తుల పొర, గుండె పొర, పొట్ట లోపలి పొర, మెదడు పొర అన్నీ వాచి ఉన్నాయి. సూతికా జ్వరంతో పోయిన బాలింతల శరీరాల్లో ఆయన చూసిందీ అదే. ఆ ఏడాది మే నెలలోనే ప్రసూతి వార్డులో డాక్టర్లచేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించడం మొదలుపెట్టాడు.

కొలెచ్కా విషయంలో రోగం కంటికి కనిపించింది. ప్రతి మరణంలోనూ అలా కనిపించదు. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకునే సెప్సిస్‌తో మనిషి పోయినా, అవయవాల్లో దానికే ప్రత్యేకమైన గుర్తు ఏదీ దొరక్కపోవచ్చు. పోనీ రక్తాన్ని కల్చర్ చేసి, అందులోని బ్యాక్టీరియాను పెంచి చూద్దామంటే, ప్రాణం పోయాక పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి పాకుతుంది. దొరికిన బ్యాక్టీరియా ప్రాణం తీసిందా, ప్రాణం పోయాక చేరిందా?

దీనికి ఆధారం రోగుల రక్తపరీక్షల్లోంచే దొరికింది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరంలో ఒక కొత్త పదార్థాన్ని గుర్తించారు. ఈనాడు ప్రతి ల్యాబ్‌లో చేసే సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) పరీక్ష కొలిచేది దాన్నే. ఇన్ఫెక్షన్ సోకిన కొన్ని గంటల్లో కాలేయం దాన్ని రక్తంలోకి వదులుతుంది. ప్రాణం పోయాక ఆ పని ఆగిపోతుంది. కాబట్టి శవంలో సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉందంటే, ఆ శరీరం బతికుండగానే కొన్ని గంటలపాటు ఏదో వాపుతోనో గాయంతోనో పోరాడిందన్నమాట.

1993లో ఫ్రాన్స్ పరిశోధకులు తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రొకాల్సిటోనిన్ అనే మరో రక్త పదార్థం విపరీతంగా పెరుగుతుందని చూపారు. 2001లో జర్మనీ న్యాయవైద్య నిపుణుడు మైఖేల్ సోకోస్ బృందం దాన్ని శవపరీక్షకు తెచ్చి, సెప్సిస్ మరణాలను గుర్తించడానికి అది పనికొస్తుందని నిరూపించింది. మరుసటి ఏడాది జపాన్ నుంచి శవ రక్తంలో సీఆర్‌పీ మీద అధ్యయనం వెలువడింది. తర్వాత స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో క్రిస్టియన్ పాల్మియేర్ వంటి పరిశోధకులు ఈ కొలతలను మరింత లోతుగా పరిశీలించారు.

అయితే పెద్ద గాయాలు, కాలిన గాయాలు, ఆపరేషన్ల తర్వాత కూడా ఈ రెండూ పెరుగుతాయి. ఒక్క అంకె చూసి సెప్సిస్ అని రాసేస్తే అది తొందరపాటే. మైక్రోస్కోపు కింద కణజాలం, కల్చర్ ఫలితం, చికిత్స రికార్డు కూడా అదే మాట చెప్పాలి. అవయవాలు కోయకముందే తొడ రక్తనాళం నుంచి నమూనా తీసి భద్రపరచాలి. కారణం తెలియని మరణం ఎదురైన ప్రతి మార్చురీలోనూ ఈ చిన్న పని తప్పనిసరి కావాలి.