ఎవరి విశ్వాసం వారిదే

మన వాడుకలో విశ్వాసమంటే యజమాని పట్ల చూపేది. క్రైస్తవంలో రక్షణనిచ్చే విశ్వాసం వేరు: తన పుణ్యాన్ని కాక క్రీస్తునే నమ్ముకుని ఆయనకు తనను అప్పగించుకోవడం. 2000లో నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేసిన భక్తసింగ్ బోధించింది ఇదే. సిక్కు కుటుంబంలో పుట్టి, 1932లో బాప్తిస్మం పొంది, 1950లో చిక్కడపల్లికి దగ్గర్లో హెబ్రోను స్థాపించిన ఆయన దృష్టిలో పుట్టుకతో ఎవరూ క్రైస్తవులు కారు.

ఆ మాట స్త్రీలకు ఎంత పెద్దదో పండిత రమాబాయి జీవితంలో నాకు కనిపిస్తుంది. 1883లో బాప్తిస్మం తీసుకున్నా, అప్పుడు దొరికింది మతమే గాని క్రీస్తు కాదని ఆమె తర్వాత రాసుకున్నారు. చర్చి పెద్దలు చెప్పారని కాక, తన అంతరాత్మ ఒప్పిందే స్వీకరించారు.

తండ్రి విశ్వాసమో భర్త విశ్వాసమో ఆమెను రక్షించదంటే, ఆమె సాక్ష్యం ఆమే చెప్పాలి. మరి సంఘపెద్దలు మాత్రం పురుషులే ఎందుకయ్యారు?