లినక్స్‌లో తెలుగు: మీట నుంచి తెర దాకా

లినక్స్ కంప్యూటర్లో తెలుగు అక్షరం మీట మీంచి తెర మీదికి రావాలంటే కెర్నెల్, టెర్మినల్, షెల్, ఇన్‌పుట్ మెథడ్, ఫాంటు అనే అంచెలన్నీ దాటాలి. ఇవి ఒక్కచోట, ఒక్క చేతిమీద తయారైనవి కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో, ఎక్కువగా తెలుగుతో పరిచయం లేనివాళ్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. అందుకే మూలం నుంచి సొంతంగా కట్టుకున్న లినక్స్‌లో తెలుగు మొరాయించేది చాలావరకు రెండు అంచెలు కలిసే చోటే. ఏ అంచె ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలిస్తే లోపాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

ఈ కథలో 1991 ముఖ్యమైన ఏడు. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏడాది విడుదల చేసిన లినక్స్ 0.01లో ఫిన్నిష్ కీబోర్డు కోడులోనే పాతుకుపోయి ఉండేది. భారతీయ లిపుల సంకేతాలకు ఐఎస్ 13194 ప్రమాణం అదే ఏడాది వచ్చింది. తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ తొలి కూర్పు కూడా అప్పుడే వెలువడింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అప్పటికే ఉంది. అందులో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి.

నంద్యాల జిల్లాలోని మండల కేంద్రం గోస్పాడు పేరునే ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టి చూస్తే ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లిషు కీబోర్డు మీద ఐ, ఏ, ఎం, డి, హెచ్, ఇ, చదరపు బ్రాకెట్, జి మీటలు వరసగా నొక్కాలి. అవి గ, ఓత్వం, స, పొల్లు, ప, దీర్ఘం, డ, కొమ్ము అవుతాయి. కంటికి మూడు అక్షరాలే కనిపించినా యంత్రానికి ఇవి ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. స కింద ప ఒత్తుగా మారడం, దీర్ఘం తన చోట అమరడం ఫాంటు, తెరపై రాతను చిత్రించే సాఫ్ట్‌వేరు చూసుకునే పని. కీబోర్డుకు దానితో సంబంధం లేదు.

అయితే జనం చేతులు ఇన్‌స్క్రిప్ట్ దగ్గరే ఆగలేదు. డీటీపీ కేంద్రాల్లో అను, యాపిల్, మాడ్యులర్ లేఅవుట్లు స్థిరపడ్డాయి. యూనికోడ్‌కు ముందరి డీటీపీ ఫాంట్లు అక్షరాలను కాక వాటి ముక్కలను దాచేవి. అందుకే ఆ ఫైళ్లను లినక్స్‌లో నేరుగా తెరిస్తే చదవడానికి వీలుండదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో 1990లలో వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతి ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాయడం నేర్పింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేశారు. 2005లో హైదరాబాదు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ‘స్వేచ్ఛ’ పేరుతో తెలుగు లినక్స్‌నే విడుదల చేశారు. తెలుగు మాత్రమే తెలిసినవాళ్లకూ కంప్యూటర్ అందాలన్నది వారి పట్టుదల. అది గౌరవించదగ్గ పని.

గ్రాఫిక్ తెర మీద ఇన్‌స్క్రిప్ట్ బాధ్యత మొదట ఎక్స్‌కేబీ అనే కీబోర్డు వ్యవస్థది. అది మామూలుగా మీటకు ఒక్క గుర్తునే ఇస్తుంది. క్ష వంటి సంయుక్తాన్ని ఒక్క నొక్కుతో రాయాలన్నా, ఆర్‌టీఎస్‌లో లాగా తర్వాత కొట్టిన అక్షరాన్ని బట్టి ముందుది మారాలన్నా ఇన్‌పుట్ మెథడ్ కావాల్సిందే. మొదట స్కిమ్, 2008 నుంచి ఐబస్ ఆ పని చేపట్టాయి. 2009లో ఫెడోరా 11 ఐబస్‌నే ప్రధానంగా తీసుకుంది. జపాన్‌లో పుట్టిన ఎం17ఎన్ భాండారం ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లన్నిటినీ ఐబస్‌కు అందిస్తుంది.

నల్లటి కన్సోల్ సంగతి వేరు. కెర్నెల్ కన్సోల్ ఫాంటులో 512 బొమ్మలకు మించి పట్టవు, ఒత్తులు అమర్చే ఏర్పాటూ లేదు. అక్కడ తెలుగు సరిగా కనబడకపోవడం కట్టినవాళ్ల తప్పు కాదు. బ్యాక్‌స్పేస్ తిప్పలు మరో రకం. 2004లో లినక్స్ 2.6.4తో వచ్చిన ఐయూటీఎఫ్8 అనే టెర్మినల్ అమరిక లేకపోతే కెర్నెల్ ఒక్కో నొక్కుకు ఒక్కో బైటే చెరుపుతుంది. గ చెరిపితే రెండు బైట్ల తునకలు మిగిలిపోతాయి.

ఇక షెల్ మొదలయ్యే వేళ. 1999లో మొదలైన లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పద్ధతిలో కట్టేవాళ్లు లొకేళ్లను, అంటే భాష, అక్షర సంకేతాల అమరికలను కూడా స్వయంగా తయారు చేసుకోవాలి. యూటీఎఫ్-8 లొకేల్ ఒక్కటీ లేకపోతే షెల్ సి లొకేల్‌తో మొదలవుతుంది. అప్పుడు బ్యాష్‌కు వరుసలు చదివిపెట్టే రీడ్‌లైన్ ఎనిమిదో బిట్ ఉన్న బైట్లను ఎస్కేప్ సంకేతాలుగా మార్చేయవచ్చు. తెలుగు బైట్లన్నిటికీ ఆ బిట్ ఉంటుంది కాబట్టి ప్రాంప్టు దగ్గర తెలుగు కొడితే పిచ్చి గీతలే వస్తాయి. యూటీఎఫ్-8 లొకేల్ ఏదైనా సరే, ఇంగ్లిషుదైనా, ఈ చిక్కు విడిపోతుంది. తెలుగు లొకేల్ అవసరమయ్యేది సందేశాలు, తేదీలు తెలుగులో కావాలన్నప్పుడే.

ఏ అమరిక ఏ ఫైలులో రాశామన్నదీ ముఖ్యమే. లాగిన్ షెల్ మొదట ప్రొఫైల్ ఫైలు చదువుతుంది. డెస్క్‌టాప్‌లో తెరిచిన టెర్మినల్ సాధారణంగా బ్యాష్‌ఆర్‌సీ మాత్రమే చదువుతుంది. ఐబస్‌ను సూచించే చరరాశులను బ్యాష్‌ఆర్‌సీలో రాస్తే టెర్మినల్ నుంచి నడిపిన ప్రోగ్రాములకే అందుతాయి, మెనూ నుంచి తెరిచిన ఎడిటరుకు అందవు. టెర్మినల్ నుంచి నడిపిన ఎడిటర్‌లో తెలుగు వచ్చి, మెనూ నుంచి తెరిస్తే రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

కాబట్టి వెతకడానికి ఒక వరుస ఉంది. ముందు ఇంగ్లిషు మీటలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పనిచేయకపోతే లోపం కెర్నెల్ కీమ్యాప్‌లోనో ఎక్స్‌కేబీలోనో ఉంటుంది. వేరేచోట రాసిన తెలుగును తెచ్చి అతికిస్తే సరిగా కనబడితే ఫాంటు బాగున్నట్టే. అతికించింది షెల్‌లో చెదిరితే లొకేల్‌నూ రీడ్‌లైన్‌నూ చూడాలి. అతికించింది నిలిచి, కొట్టింది మాత్రం రాకపోతే ఇన్‌పుట్ మెథడ్ నడుస్తోందా, దాని చరరాశులు సరైన ఫైలులో ఉన్నాయా అన్నది తేల్చుకోవాలి.