దివ్యబలిపూజలో ప్రతి సంజ్ఞకూ ఓ అర్థం
కథోలిక ఆచారాల వెనుక అంతరార్థం

వరంగల్: గుమ్మం వద్ద పవిత్రజలం తాకడం, సిలువ గుర్తు వేసుకోవడం, మోకరిల్లడం, ధూపం వేయడం కథోలిక దేవాలయాల్లో ప్రతినిత్యం కనిపించే ఆచారాలు. చిన్ననాటి నుంచి అలవాటుగా పాటించేవారిలోనూ కొందరికి వీటి అర్థం తెలియదు. ఇరుగుపొరుగు మతస్థులకు ఇవి కొత్తగా తోస్తాయి. నిజానికి ఈ పూజలో అర్థరహితమైన సంజ్ఞ ఏదీ లేదు.

లాటిన్ నుంచి తెలుగుకు...

హైదరాబాద్ మేత్రాసనం నుంచి విడివడి 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. ఇటలీ దేశస్థుడైన అల్ఫోన్సో బెరెట్టా దీనికి తొలి పీఠాధిపతి. కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమామాత దేవాలయం దీనికి ప్రధానాలయం. అప్పట్లో పూజ లాటిన్ భాషలో సాగేది. 1962-65 నడుమ జరిగిన రెండో వాటికన్ మహాసభ మాతృభాషలో పూజకు బాట వేసింది. 1969 ఏప్రిల్ 25న భారతీయ సంప్రదాయానికి చెందిన 12 అంశాలకు రోమ్ అనుమతి లభించింది. పాదరక్షలు విడవడం, అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, నూనె దీపం, హారతి వాటిలో ఉన్నాయి. ఇవి అన్యమత ఆచారాల అనుకరణేనని సంఘంలోనే కొందరు విమర్శించారు. భక్తిని ఈ నేల అలవాట్లలో వ్యక్తం చేయడమే ఉద్దేశమని సమర్థించినవారు బదులిచ్చారు.

గుమ్మం నుంచి పీఠం దాకా...

పవిత్రజలం జ్ఞానస్నానాన్ని గుర్తు చేస్తుంది. మందసంలో దివ్యసత్ప్రసాదం ఉందనడానికి దాని చెంత నిత్యం వెలిగే దీపమే సూచిక. అందుకే విశ్వాసులు అటు తిరిగి మోకాలు వంచుతారు. ధూపం పైకెగసే ప్రార్థనకు ప్రతీక. సువార్త పఠనానికి ముందు నుదుట, పెదవులపై, ఎదపై మూడు చిన్న సిలువ గుర్తులు వేసుకుంటారు. దైవవాక్కు ఆలోచనలో, మాటలో, హృదయంలో నిలవాలన్నది వాటి భావం. కానుకల సమయంలో గురువు ద్రాక్షారసంలో కొన్ని నీటి చుక్కలు కలపడం, మానవ స్వభావం క్రీస్తు దైవత్వంలో పాలుపంచుకోవడానికి గుర్తు.

గురువు ధరించే వస్త్రాల రంగులకూ అర్థముంది. ఆగమన కాలంలో, తపస్సు కాలంలో ఊదా రంగు పశ్చాత్తాపాన్ని, నిరీక్షణను తెలుపుతుంది. క్రిస్మస్, ఈస్టర్ పండుగలకు తెలుపు, వేదసాక్షుల పండుగలకు ఎరుపు, సామాన్య కాలానికి ఆకుపచ్చ వాడతారు.

మరియమాతను ఆరాధిస్తారా?

కథోలికులపై తరచూ వినవచ్చే ప్రశ్న ఇది. ఆరాధన దేవునికి మాత్రమే చెందుతుందన్నది శ్రీసభ బోధ. మరియమాతకు, పునీతులకు చెల్లించేది గౌరవం. తమ పక్షాన దేవుని వేడమని వారిని అర్థిస్తారు. స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించేది ఆ ప్రతిమను దైవంగా భావించి కాదు. అది సూచించే వ్యక్తిని స్మరించి. జపమాలలో పూసలు లెక్కిస్తున్నా, మనసు క్రీస్తు జీవిత ఘట్టాలపై నిలవాలి. ఈ ధ్యానాంశాలకు 2002లో రెండో జాన్ పాల్ పోపు వెలుగు రహస్యాలను జతచేశారు.

శాంతి పలికాకే ప్రసాదం

దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు విశ్వాసులు పక్కవారికి చేతులు జోడించి శాంతి పలుకుతారు. సోదరునితో విరోధముంటే మొదట సమాధానపడి, ఆ తర్వాతే కానుక అర్పించాలన్న మత్తయి సువార్త బోధకు ఈ క్రమం అద్దం పడుతుంది. అనంతరం భూస్వామి, కూలీ ఒకే వరుసలో నిలిచి ఒకే అప్పంలో భాగం పొందుతారు. కులం గీతలు ఇంకా చెరగని పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. ఆలయంలో జోడించిన చేతులే వెలుపల సాటివారిని దూరం పెడితే ఆ సంజ్ఞ వట్టి అలవాటుగా మిగులుతుంది.

పూజకు లాటిన్‌లో ఉన్న ‘మిస్సా’ అన్న పేరు, ‘పంపడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. చివరి ఆశీర్వాదంతో గురువు ప్రజలను లోకంలోకి పంపుతారు. పీఠం చెంత పలికిన శాంతిని ఇంట్లో, పొలం గట్టుపై, వాడలో ఆచరించడమే పూజకు కొనసాగింపు.